చెన్నై ఉక్కలో నా పోలరైజింగ్ మైక్రోస్కోప్: ఏళ్ల వాడకం తర్వాత

ఎమ్మెస్సీ జియాలజీ చేస్తున్న మనవాళ్లు చాలామంది ఇదే అడుగుతారు: ఇంట్లోకి ఒక స్టూడెంట్ పోలరైజింగ్ మైక్రోస్కోప్ (కాంతిని ఒకే దిశలో కంపించేలా వడగట్టి పలుచటి రాతి ముక్కల్ని చూపించేది) కొనుక్కోవచ్చా అని. రాయిలో ఏ ఖనిజాలున్నాయో చూడటానికైతే కళ్లు మూసుకుని కొనండి. రసాయనం లెక్కలు కూడా అదే తేల్చేస్తుందనుకుంటే మాత్రం డబ్బు దండగ.

నేను ఎక్కువగా చూసింది చెన్నై పల్లావరంలో దొరికే చార్నొకైట్ అనే రాయినే. ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నాక్ సమాధి మీది రాయి ఇక్కడిదే. కోల్‌కతాలో దాన్ని పరీక్షించిన భూగర్భ శాస్త్రవేత్త థామస్ హాలండ్ 1893లో చార్నాక్ పేరే ఈ రాయికి పెట్టాడు. చేతిలో పట్టుకుంటే నల్లగా, జిడ్డు రాసినట్టు ఉంటుంది, అంతే. అదే 0.03 మిల్లీమీటర్ల మందానికి అరగదీసిన స్లైడ్‌ని స్టేజి మీద పెట్టి తిప్పితే, హైపర్‌స్తీన్ అనే ఖనిజం లేత గులాబీ నుంచి లేత ఆకుపచ్చకి మారుతుంది. ఎనలైజర్ (స్లైడ్‌కి పైన ఉండే రెండో పోలరైజింగ్ ఫిల్టర్) లోపలికి తోస్తే క్వార్ట్జ్ బూడిద రంగు, తెలుపు మధ్య తిరుగుతుంది, మైక్రోక్లైన్ అనే ఖనిజం గళ్ల లుంగీలా కనిపిస్తుంది. ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు. సింహాచలం కొండ ఖోండలైట్ రాయి స్లైడ్ పెడితే ఇంకో తమాషా: ఎనలైజర్ లోపల ఉండగా అందులోని గార్నెట్‌ని ఎటు తిప్పినా నల్లగానే ఉంటుంది.

ఇక విసిగించేవి. నా దాంట్లో తెల్లటి ఎల్ఈడీ ఉంది, ఆ గులాబీ ఛాయ దాని వెలుతురులో సగం చచ్చిపోతుంది. పసుపు వెలుతురున్న హాలోజెన్ మోడల్ దొరికితే అదే తీసుకోండి. ఆబ్జెక్టివ్ మార్చినప్పుడల్లా స్టేజి సెంటర్ తప్పుతుంది, చూస్తున్న గింజ పక్కకి జారిపోతుంది. అమ్మినవాళ్లు దాన్ని సరిచేసే సెంటరింగ్ తాళంచెవి కూడా ఇవ్వలేదు, అడిగితే ఫోనే ఎత్తరు. వానాకాలంలో లెన్సుకి బూజు పడుతుంది. సిలికా జెల్ వేసిన డబ్బాలో పెట్టక తప్పదు.

రసాయనం సంగతి. ప్లేజియోక్లేజ్ అనే ఖనిజంలోని చారలు చీకటయ్యే కోణం కొలిస్తే సోడియం, కాల్షియం పాళ్లు సుమారుగా తెలుస్తాయి. కానీ హైపర్‌స్తీన్‌లో ఇనుము ఎంత, మెగ్నీషియం ఎంత అని కచ్చితంగా కావాలంటే ఎలక్ట్రాన్ ప్రోబ్ (ఎలక్ట్రాన్ కిరణంతో ఖనిజంలోని మూలకాల పాళ్లు కొలిచే యంత్రం) దగ్గరికి వెళ్లాల్సిందే. రాయి ఎంత వేడిలో రూపాంతరం చెందిందో లెక్కగట్టడానికి ఆ అంకెలే ఆధారం.

సెకండ్‌హ్యాండ్‌ది కొంటుంటే స్లైడ్ తీసేసి, పోలరైజర్ (కింది ఫిల్టర్), ఎనలైజర్ ఒకదానికొకటి అడ్డంగా పెట్టి చూడండి. కళ్లముందు నిండు చీకటి రావాలి. సర్దినా ఇంకా మసక వెలుతురు కనిపిస్తుంటే బేరం వదిలేయండి.