అహ్మదాబాద్‌లో కోల్డ్‌ప్లే: చేతికి దీపం, పప్పులో బెల్లం

2024 నవంబరు 16న మధ్యాహ్నం పన్నెండింటికి మా అమ్మాయి నా ఫోను, వాళ్ల నాన్న ఫోను, తన ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంది. అంతకుముందు సెప్టెంబరులో ఇంగ్లండ్ రాక్ బ్యాండు కోల్డ్‌ప్లే ముంబై షోల టికెట్లు పెట్టినప్పుడు క్యూలో లక్షల్లో నంబరు వచ్చి ఏడ్చినంత పని చేసింది. ఈసారి అహ్మదాబాద్. నాన్న ఫోన్లో పని అయింది, 4,500 రూపాయలవి రెండు దొరికాయి. రెండో టికెట్టు ఎవరికంటే, స్నేహితురాళ్ల ఇళ్లలో ఎవరూ ఒప్పుకోలేదు. అలా నలభై ఆరేళ్ల వయసులో, ఆ బ్యాండు పాటలు మూడు కూడా సరిగ్గా తెలియని నేను రాక్ కచేరీకి బయల్దేరాను.

విమానం చార్జీలు చూసి నవజీవన్ ఎక్స్‌ప్రెస్సే మేలనుకున్నాం. విజయవాడలో ఎక్కితే దాదాపు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. థర్డ్ ఏసీ శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే ఇచ్చారు. భోజనం మాత్రం ఇంటినుంచి పట్టుకెళ్లడమే క్షేమం. వరంగల్‌లో ఎక్కిన తెలుగువాళ్లు చాలామంది సూరత్‌లో దిగిపోయారు. అక్కడి మగ్గాల మీద పనిచేసే మనవాళ్లు ఎన్ని తరాల నుంచి ఉన్నారో! సూరత్ దాటాక బోగీలో మాట పూర్తిగా గుజరాతీ అయిపోయింది, మా పులిహోర డబ్బా పక్కన ఎవరిదో థేప్లా రొట్టెల డబ్బా తెరుచుకుంది.

బస సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దెబ్బ తిన్నది అక్కడే. స్టేడియం దగ్గర ఒక హోటల్లో నవంబరులోనే రాత్రికి 3,200 చొప్పున బుక్ చేశాం. ప్రయాణానికి పది రోజుల ముందు వాళ్లు ఫోన్ చేసి, రేటు పొరపాటున పడింది, ఇప్పుడు 14,000 అన్నారు. గొడవపడితే డబ్బు వెనక్కిచ్చారు తప్ప గది ఇవ్వలేదు. ఆ వారం ఊరంతా అదే పరిస్థితి. రెండు రోజులు టెన్షన్ పడి వెతగ్గా వెతగ్గా పాతబస్తీలో, ఖాడియా వైపు ఒక పోల్‌లో పాత హవేలీని బసగా మార్చిన ఇల్లు 2,800కి దొరికింది.

పోల్ అంటే ఒకే గేటు వెనకాల సందులు సందులుగా అల్లుకున్న వాడ. ఆటో లోపలికి రాదు, సూట్‌కేసు చక్రాలు రాళ్ల మీద టకటకమంటూ ఉంటే అరుగుల మీది ఆడవాళ్లు మమ్మల్నే చూశారు. మధ్యలో స్తంభం మీద చెక్కిన గూడులాంటిది ఉంది, చబూత్రో అంటారట, పక్షులకు గింజలు వేసేది. ఇంట్లో నడిమి వాకిలి కింద వాననీళ్లు పట్టే నీళ్లతొట్టి, చెక్క స్తంభాల మీద సన్నని నగిషీ. మెట్లు మాత్రం నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే కింది గది అడగాలి. వేడినీళ్లు ఉదయం ఎనిమిదిలోపే. ఈ రెండూ తప్ప ఏ లోపమూ లేదు. 2017లో యునెస్కో ఈ పాతనగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. మాకు మాత్రం ఆ 14,000 గది దొరక్కపోవడమే అదృష్టం అయింది.

వాళ్ల గాలిపటాల పండుగ ఉత్తరాయణ్ అయిపోయి పన్నెండు రోజులైనా కరెంటు తీగలకు, చెట్లకు, ఆ చబూత్రోకి కూడా మాంజా దారాలు వేలాడుతూనే ఉన్నాయి. డాబా మీద తెగిన గాలిపటం ఒకటి గోడకు అతుక్కుని ఉంది. తీసి పారేద్దామా అంటే ఇంటావిడ వద్దంది, ‘దాని దోవన అదే పోతుంది బెన్’ అంది. బెన్ అంటే అక్కయినా చెల్లెలైనా. ఆటో డ్రైవరూ బెన్నే, కూరగాయలమ్మే అతనూ బెన్నే. మన దగ్గర వయసు చూసి అక్కా, పిన్నీ, మామ్మగారూ అంటారు కదా, ఇక్కడ ఆ లెక్కలేవీ లేవు. మా అమ్మాయిని కూడా బెన్ అనేసరికి అది మురిసిపోయింది.

తిండి విషయంలో నాకు ఇంకా రాజీ కుదరలేదు. పప్పులో బెల్లం, కూరలో బెల్లం. ఉంధియు మాత్రం శీతాకాలంలో వచ్చినవాళ్లు తినకుండా రాకూడదు, కందగడ్డ, చిక్కుడు, మెంతికూర ముద్దలు కలిసి నూనెలో మగ్గిన ఆ కూరకు వంక పెట్టలేను. రాత్రి మాణెక్ చౌక్ వెళ్లాం. పగలు బంగారం అంగళ్లు, రాత్రయితే తిండి బండ్లు. అక్కడ దోసె మీద వెన్న, దాని మీద చీజ్, దాని మీద మళ్లీ ఏదో ఎర్రటి కూర. గుంటూరు వైపు పుట్టినదాన్ని, ఆ దోసెను దోసె అని నా నోటితో అనలేను. అమ్మాయి రెండు తింది.

ఇక జనవరి 26, మా కచేరీ రోజు. మెట్రోలో మొటేరా స్టేషన్ దిగితే నడక దూరంలోనే స్టేడియం. మొత్తం యాత్రలో పూర్తి మార్కులు వేయాల్సిన సర్వీసు ఈ మెట్రోనే: కచేరీలున్న రెండు రోజులూ అర్ధరాత్రి పన్నెండున్నర దాకా నడిపారు, తిరుగు టికెట్టు కాగితం మీద ముందే అమ్మారు. అది సాయంత్రమే కొనిపెట్టుకున్నవాళ్లు రాత్రి తెలివైనవాళ్లయ్యారు.

1,32,000 మంది పట్టే స్టేడియం లోపల అడుగుపెట్టినప్పుడు ముందు చూసేది వేదికను కాదు, ఎదురు గట్టును. అక్కడి మనుషులు ఆవాలంత. మా సీట్లు వేదికకు బాగా ఎడంగా ఉన్నాయి. గాయకుడు క్రిస్ మార్టిన్ మా కళ్లకు బొటనవేలి గోరంత కూడా లేడు. స్క్రీన్ మీద అతని పెదవులు కదిలాక, రెప్పపాటు ఆగి మాట మాకు చేరేది. సెకనుకు 340 మీటర్లే కదా అమ్మా ధ్వని, అని ఇంజనీరింగ్ అమ్మాయి తేల్చేసింది.

గేటు దగ్గర అందరి చేతికీ ఒక పట్టీ కట్టారు. తెల్లగా, చవకగా, ఆసుపత్రిలో కట్టే పట్టీలాగే ఉంది. మొదటి పాట మొదలవగానే అది నా చేతి మీద దానంతటదే ఎర్రగా వెలిగింది. తలెత్తితే లక్ష ఎర్ర చుక్కలు. ‘ఎల్లో’ పాట వచ్చినప్పుడు స్టేడియం మొత్తం పసుపు నీళ్లలో ముంచి తీసినట్టయింది. నేను చెయ్యి కిందికి దించి చూసుకున్నాను, ఒడిలో చీర కూడా పసుపే. అవును, చీరే కట్టుకెళ్లాను, నాలాంటివాళ్లు మా వరుసలోనే ఇద్దరున్నారు. ఒక పాట మధ్యలో ఆపి, ఈ ఒక్కపాటకూ ఫోన్లు జేబుల్లో పెట్టండి అన్నాడు క్రిస్ మార్టిన్. చాలామంది పెట్టారు. పక్కన కూర్చున్న పెద్దాయన మాత్రం మనవడికి వీడియో కాల్ కట్ చెయ్యలేక నలిగిపోయాడు.

మద్యనిషేధం ఉన్న రాష్ట్రం కావడంతో తూలేవాళ్లు ఎక్కడా కనిపించలేదు. రాత్రిపూట ఆడపిల్లతో ఇంత జనంలోకి వెళ్తున్నానన్న నా భయం గంటలోనే పోయింది. పాప్‌కార్న్ క్యూలో కరకరలాడే ఖాక్రా రొట్టె ముక్కలు పంచుకున్నారు, మా కింది మెట్ల దగ్గర నలుగురు అమ్మాయిలు డ్రమ్ము దరువుకు చప్పట్లు కొడుతూ గర్బా తిరిగారు. ఆ పాటకు ఆ అడుగులు ఎలా సరిపోయాయో గానీ, సరిపోయాయి.

ఆ రాత్రి అన్నిటికంటే పెద్ద హోరు ఏ పాటకూ రాలేదు. క్రికెటర్ జస్ప్రీత్ బుమ్రా ప్రేక్షకుల్లో ఉన్నాడు, స్క్రీన్ మీద కనిపించాడు, క్రిస్ మార్టిన్ అతని మీద అప్పటికప్పుడు నాలుగు మాటలు కట్టి పాడాడు. సొంత ఊరి కుర్రాడు మరి, సిమెంటు గట్టు అదిరింది. గణతంత్ర దినమని వందేమాతరం కూడా పాడారు, అప్పుడు మా పెద్దాయన ఫోను పక్కన పెట్టేసి లేచి నిలబడ్డాడు.

వెళ్లేటప్పుడు పట్టీలు వెనక్కివ్వాలి, మళ్లీ వాడతారన్నారు. ఆ టూర్లో ఏ ఊరివాళ్లు ఎంత శాతం తిరిగిచ్చారో లెక్క కూడా కట్టారు. డబ్బా దగ్గర మా అమ్మాయి చాలాసేపు నిలబడి, ముద్దుపెట్టి వేసింది. మెట్రో ఎక్కడానికి గంట పట్టింది. ఇంటికి ఫోన్ చేస్తే ఆయన హాట్‌స్టార్‌లో లైవ్ మొత్తం చూశారట. ‘మీకంటే నేనే బాగా చూశా, ముఖం మీద చెమట బొట్లతో సహా’ అన్నారు.

మర్నాడు సబర్మతీ ఆశ్రమం, సీదీ సయ్యద్ మసీదు రాతి జాలీ చూశాం. మధ్యాహ్నం అడాలజ్ మెట్లబావికి కూడా వెళ్లాం. ఐదంతస్తులు కిందికి దిగుతుంటే ఎండ వెనకే ఉండిపోతుంది, చెవుల్లో రాత్రి నుంచీ మోగుతున్న హోరు అక్కడ ఆగింది.

రాత్రి తిరుగు రైలు ఎక్కాం. తెల్లారి లేచేసరికి ఎదురు బెర్తులో సూరత్‌లో ఎక్కిన పెద్దాయన, సిరిసిల్ల వైపు మనిషి. ఏం పని మీద పోయిన్రమ్మా అన్నాడు. పాటల కచేరీకి అన్నాను. ఎవలు పాడిన్రు? ఇంగ్లండ్ వాళ్లు. సమజైందా? కొంచెం. టికెట్టెంత అన్నాడు. నేను తగ్గించి చెబుదామనుకునేలోపే అమ్మాయి పైబెర్తు నుంచి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఆయన కాసేపు ఆలోచించాడు.

‘రైలు చార్జితో కలిపేనా?’ అన్నాడు.