ఆరు నిమిషాల్లో నల్లగొండ: పద్నాలుగేళ్లు రేసులు చూశాక

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాటా దగ్గర కూర్చుని ధాన్యం లారీలు తూచే ఉద్యోగం నాది. 2011 నుంచి ఓపెన్ వీల్ రేసులు, అంటే చక్రాలు బయటికి కనబడే కార్ల రేసులు, చూస్తున్నాను. ఎక్కువగా ఫార్ములా వన్, వీలు చిక్కితే అమెరికావాళ్ల ఇండీకార్, ఒక్కసారి హైదరాబాద్‌లో బ్యాటరీ కార్ల ఫార్ములా ఈ. టీవీలో చూశాను, ఫోనులో చూశాను, కరెంటు పోతే జనరేటర్ మోతలో చూశాను. అంతటితో ఆగక, పక్కవాళ్లకు కూడా ఈ పిచ్చి అంటించాలని తంటాలు పడ్డాను. కొత్తవాళ్లను లాగడానికి వేగం రికార్డులు ఎంతవరకు పనికొస్తాయో ఆ తంటాల్లోనే తెలిసింది. నా చేతిలోనైతే అవి పనిచేయలేదు.

మొదట్లో నాకున్న ఆయుధం ఒక్కటే. 1996లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో, రేసులో ఎవరు ఎక్కడ నిలబడాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో, ఆరీ లుయెండైక్ అనే డ్రైవరు ఒక ల్యాపును, అంటే ట్రాక్ ఒక చుట్టును, గంటకు 237.498 మైళ్ల వేగంతో చుట్టాడు. అంటే సుమారు 382 కిలోమీటర్లు. లారీ డ్రైవర్లకు మైళ్ల లెక్క ఎక్కదు కనుక మా లెక్కలో చెప్పేవాడిని: ఇక్కడ బయలుదేరితే ఆరున్నర నిమిషాలు నిండకముందే నల్లగొండలో ఉంటాడు అని. అబ్బో అనేవారు. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా అదే ముచ్చట. ఆ తర్వాత ఎవరి లారీ వారిది. వచ్చే ఆదివారం రేసు ఎన్ని గంటలకని అడిగినవాడు ఒక్కడూ లేడు. పైగా ఒక పెద్ద డ్రైవరు నవ్వి, "ఖాళీ రోడ్డు మీద ఎవడైనా పోతాడు తమ్ముడూ. ఎడమ కాలువ గట్టు మీద, ముందు గడ్డి ట్రాక్టరు పోతుంటే దాటమను, అప్పుడు చూస్తాను" అన్నాడు.

అప్పుడు దాన్ని వెటకారమనుకున్నాను. కానీ నేను ఈ ఆటలోకి వచ్చిన దారి కూడా రికార్డుల దారి కాదు. 2011 అక్టోబర్ 30న గ్రేటర్ నోయిడాలో తొలి ఇండియన్ గ్రాండ్ ప్రి జరిగింది. పోల్ (రేసు మొదలయ్యేటప్పుడు అందరికంటే ముందు స్థానం), వేగవంతమైన ల్యాపు, గెలుపు మూడూ సెబాస్టియన్ వెటెల్‌వే. ఆ రోజు అతను తిరిగిన 1 నిమిషం 27.249 సెకన్ల ల్యాపును ఆ తర్వాత జరిగిన రెండు గ్రాండ్ ప్రిలలోనూ రేసు నడుస్తుండగా ఎవరూ దాటలేదు. నేను మాత్రం తెర మీద హెచ్‌ఆర్‌టి జట్టు కారు కోసం వెతుక్కుంటూ కూర్చున్నాను. అందులో మన దేశపు డ్రైవరు నారాయణ్ కార్తికేయన్ ఉన్నాడు. వచ్చింది 17వ స్థానం. కెమెరా అతని మీదికి మళ్లిందే తక్కువ, మళ్లినప్పుడల్లా ముందుకు వంగేవాడిని. నన్ను పట్టుకున్నది దాదాపు చిట్టచివర నడిచిన కారు.

లుయెండైక్ కథలోనూ నాకు నచ్చిన ముక్క వేగం కాదు. మొదటి రోజు అతను తిరిగిన సమయం చెల్లలేదు. ఎందుకంటే తూకంలో కారు బరువు తక్కువ తేలింది. మర్నాడు మళ్లీ వచ్చి ఆ రికార్డు కొట్టాడు. మొదటి రోజు అర్హత సాధించినవాళ్లే ముందు వరుసల్లో నిలబడతారన్నది అప్పట్లో అక్కడి నియమం. అందువల్ల ఇండియానాపొలిస్ చరిత్రలోనే అంత వేగంగా తిరిగినవాడు రేసును 20వ స్థానం నుంచి మొదలుపెట్టాడు. కాటా దగ్గర ఈ సంగతి చెప్పి చూడండి, హమాలీలు కూడా పని ఆపి వింటారు. తూకం దగ్గర తేడా వస్తే ఎలా ఉంటుందో మా వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఇంకో మాట. ఆ రికార్డు పడిన 1996లోనే అమెరికా ఓపెన్ వీల్ రంగం రెండు ముక్కలైంది. పేరున్న జట్లు చాలావరకు ఇండియానాపొలిస్ మానేసి, అదే రోజు మిషిగన్‌లో వేరే రేసు పెట్టుకున్నాయి. ఎన్నడూ లేనంత వేగం ఒకవైపు, అభిమానులు చీలిపోవడం మరోవైపు. మరుసటి ఏడాది కొత్త ఇంజిన్లు వచ్చాయి. అదే లుయెండైక్ 218.263 మైళ్లతో పోల్ కొట్టి రేసు కూడా గెలిచాడు. ఇరవై మైళ్ల తేడా మన కళ్లకు ఆనుతుందా? పాత రేసుల వీడియోలు పక్కపక్కన పెట్టి చూశాను, నాకైతే ఆనలేదు.

ఫార్ములా వన్‌లో నేను ప్రత్యక్షంగా అనుభవించిన సంవత్సరం 2017. కార్లను వెడల్పు చేశారు, రెక్కలు పెంచారు, ల్యాపు సమయాలు బాగా తగ్గాయి. కానీ ముందు కారు వదిలే చెదిరిన గాలిలో వెనక కారు పట్టు తప్పేది, దగ్గరికి రాలేకపోయేది. రేసులో సగం అయ్యేసరికి నేను నిద్రపోయిన ఆదివారాలు ఆ ఏడాదే ఎక్కువ. 2022లో నియమాలు మార్చినప్పుడు కనీస బరువు 798 కిలోలకు చేరి కార్లు మందగించాయి. అయినా ఒకదాని వెనక ఒకటి అంటుకుని తిరిగాయి. నాకు నిద్ర రాలేదు.

మా అక్క కొడుకును ఈ ఆటలో కూర్చోబెట్టింది కూడా అంకె కాదు. 2021 డిసెంబర్ 12న, ఆ ఏడాది ఫార్ములా వన్‌లో ఆఖరిదైన అబుదాబి రేసుకు ముందు హామిల్టన్, వెర్‌స్టాపెన్ ఇద్దరికీ సమానంగా 369.5 పాయింట్లు. అది తప్ప ఇంకేమీ చెప్పలేదు వాడికి. చివరి ల్యాపులో కుర్చీ ఎక్కి అరిచాడు. వింతేమిటంటే ఇప్పుడు ట్రాక్ రికార్డులన్నీ వాడి నోటి చివరే ఉంటాయి, ఫోనులో సెక్టార్ (ల్యాపులో ఒక భాగం) సమయం ఊదా రంగులోకి మారితే, అంటే అందరికంటే వేగమని తేలితే, నాకంటే ముందు వాడే అరుస్తాడు. మనుషులు నచ్చాక అంకెలు రుచిస్తాయి కాబోలు.

2023 ఫిబ్రవరి 11న వాణ్ని హుస్సేన్ సాగర్ పక్కన జరిగిన ఫార్ములా ఈ రేసుకు తీసుకెళ్లాను. మొదటి కారు పోగానే, "ఇంత నిశ్శబ్దమేమిటి మామా" అని ముఖం వేలాడేశాడు. నిజమే, కీచుమనే ఈలలాంటి చప్పుడు, అంతే. కానీ కాంక్రీటు గోడకు జానెడు దూరంలో కారు దూసుకుపోతే కంచె జాలి వణకడం, నిప్పు ఎండలో రబ్బరు వాసన, ఇవి తెర మీద దొరికేవి కావు. జాగ్వార్ కార్లు రెండూ ఒకే మలుపులో ఒకదానికొకటి తగిలినప్పుడు మా వరుసంతా లేచి నిలబడింది. జాన్ ఎరిక్ వెర్న్ బ్యాటరీని పొదుపుగా వాడుకుంటూ, వెనకే వస్తున్న నిక్ కాసిడీకి చోటివ్వకుండా గెలిచాడు. పొదుపు చేసి గెలిచిన రేసు! ఆ రోజు అత్యధిక వేగం ఎంతో నేను వెనక్కి వచ్చేదాకా అడగనే లేదు, వాడూ అడగలేదు.

రికార్డుకు నేను మార్కులు వేసేది ఒక్క సందర్భంలో: అది కళ్ల ముందు విరగబోతున్నప్పుడు. ఇండియానాపొలిస్ క్వాలిఫయింగ్‌లో ట్రాక్ మీద ఒకే కారు, నాలుగు ల్యాపులు, ఒక్కోటి నలభై సెకన్ల లోపు. మూడో ల్యాపులో వెనక చక్రాలు కాస్త జారితే డ్రైవరు స్టీరింగును ఎదురు తిప్పే ఆ క్షణం చూస్తూ గుండె చేతిలో పెట్టుకోవాల్సిందే. విరిగిపోయిన మర్నాడు అదే రికార్డు జీకే పుస్తకంలో ఒక వరుస.

మొన్న 2025లో ఇటలీలోని మోంజా రేసు మరీ తమాషా. వెర్‌స్టాపెన్ సగటున గంటకు 250.706 కిలోమీటర్లతో గెలిచాడు. ఫార్ములా వన్‌లో అంతకన్నా వేగంగా ముగిసిన రేసు లేదు. 2003లో అక్కడే షూమాకర్ నెలకొల్పిన 247.585 ఇరవై రెండేళ్ల తర్వాత చెరిగింది. సోమవారం పొద్దున టీ దగ్గర చెప్పాలని అంకె గుర్తుపెట్టుకుని వెళ్లాను. గడ్డి ట్రాక్టరు సవాలు విసిరిన ఆ పెద్ద డ్రైవరు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఫోనులో చూశాడట.

"తమ్ముడూ, ఆ మెక్‌లారెన్ పిల్లగాడు పియాస్ట్రి రెండో స్థానంలో ఉండి, వెనక వచ్చే నారిస్‌కు దారి ఎందుకు ఇచ్చాడు? నారిస్‌కు టైరు మార్చడం ఆలస్యమైతే అది జట్టు తప్పు, వీడు ఎందుకు దిగాలి?"

పావుగంట వాదించుకున్నాం. ఇద్దరు హమాలీలు కూడా చేరారు. 250.706 సంగతి ఎత్తబోయేసరికి కాటా మీదికి లారీ ఎక్కింది.