గానుగ నూనె పేజీకి గూగుల్ ట్రెండ్స్: ఏడాది వాడాక నా అనుభవం

మాది చిత్తూరు, కట్టమంచి. ఇంటి ముందు గదిలోనే గానుగ పెట్టుకున్నాం. మా ఆయన గానుగ చూసుకుంటారు, నేను గల్లాపెట్టె, ఫోను చూసుకుంటాను. ఫోను అంటే మా ఇన్‌స్టాగ్రామ్ పేజీ, యూట్యూబ్ చానెల్, వాట్సాప్ ఆర్డర్లు అన్నీ. మా దగ్గర ఉండేవి శెనక్కాయ నూనె, నువ్వుల నూనె, కొబ్బరి నూనె, ఈ మూడే. మూడు నూనెల గురించి వారానికి మూడు పోస్టుల చొప్పున ఏడాది పొడుగునా కొత్తగా ఏం చెప్పాలి? రెండేళ్లుగా నాకు ఇదే టెన్షన్. గూగుల్ ట్రెండ్స్ ఈ విషయంలో నాకు ఎంత పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాదో వివరంగా రాస్తున్నాను. నాలాగా చిన్న వ్యాపారాన్ని ఆన్‌లైన్‌లో నెట్టుకొస్తున్న వాళ్లకు పనికొస్తుంది.

దీనికి ముందు తిరుపతిలో ఒక మార్కెటింగ్ ఆఫీసుకు మూడు నెలలు డబ్బు కట్టాను. వాళ్ల పేరు చెప్పను. నెలకు పన్నెండు పోస్టర్లు పంపేవాళ్లు. పండగ శుభాకాంక్షలు, మహిళా దినోత్సవం, ‘ఆరోగ్యమే మహాభాగ్యం’, కింద మూలన మా లోగో. ఉగాదికి మాకు పంపిన పోస్టరే, అదే మామిడాకు తోరణం, అదే వేపపూత, ఒక టైల్స్ షాపు పేజీలో కూడా కనిపించింది. ఆ రోజు నాకు చాలా బాధేసింది. డబ్బు పోయినందుకు కాదు. మా ఆయన తెల్లారి నాలుగింటికి లేచి ఆడించే నూనెకు, నేలమీద పరిచే టైల్స్‌కు చెప్పాల్సిన మాట ఒకటే ఎలా అవుతుంది? ఆ నెలతో వాళ్లకు నమస్కారం పెట్టేసి నేనే మొదలుపెట్టాను.

గూగుల్ ట్రెండ్స్‌కు డబ్బు కట్టక్కర్లేదు, లాగిన్ కూడా అక్కర్లేదు. ఒక మాట కొడితే, జనం దాన్ని గూగుల్‌లో ఎప్పుడు ఎక్కువ వెతికారో, ఎప్పుడు తక్కువ వెతికారో గీత గీసి చూపిస్తుంది. 2004 నుంచి లెక్కలు ఉన్నాయి. దేశం మొత్తానికి చూడొచ్చు, ఒక్క ఆంధ్రప్రదేశ్‌కే చూడొచ్చు. మామూలు వెతుకులాట కాకుండా యూట్యూబ్‌లో వెతికినవి మాత్రమే కావాలంటే పైన మార్చుకోవచ్చు. వంటింటి వ్యాపారాలకు యూట్యూబ్ గీతే ముఖ్యం, ఎందుకంటే వంట గురించి మనవాళ్లు చదవరు, చూస్తారు.

నాకు మొదట పనికొచ్చింది మాటల విషయంలో. మేము పుట్టి పెరిగినప్పటి నుంచి శెనక్కాయలు అనే అంటాం. కోస్తా వాళ్లు వేరుశనగ అంటారు. తెలంగాణలో పల్లీలు. నేను ప్రతి వీడియోకు ‘శెనక్కాయ నూనె’ అని పేరు పెట్టి, హైదరాబాదు నుంచి ఆర్డర్లు ఎందుకు రావట్లేదని కూర్చున్నదాన్ని. ఒకరోజు ట్రెండ్స్‌లో యూట్యూబ్ పెట్టి, పల్లి చట్నీని, వేరుశనగ చట్నీని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి పక్కపక్కన చూశాను. పల్లి చట్నీ గీత పైన పోతుంటే రెండోది నేలమీద పాకుతోంది. అలాగే గానుగ నూనె అనే మాటనూ కోల్డ్ ప్రెస్డ్ ఆయిల్ అనే మాటనూ పోల్చి చూశాను. మనం గర్వంగా చెప్పుకునే మాట కంటే బయటివాళ్ల మాటే ఎంతో పైన ఉంది. అప్పటి నుంచి వీడియోలో నేను మాట్లాడేది మా మాటే, శెనక్కాయే. పేరులో మాత్రం మూడు మాటలూ పెడతాను. మాట మార్చుకోమంటే నేను మార్చుకోను. కానీ వరంగల్‌లో పల్లీలు అని వెతికే ఆవిడకు మా నూనె కనపడాలి కదా.

రెండోది కాలం. ఆవకాయ అని కొట్టి ఐదేళ్ల గీత పెట్టండి. రంపం పళ్లలాగా ఉంటుంది, ప్రతి ఎండాకాలం ఒక కొన, మిగతా నెలలు చదును. మా చిత్తూరు వాళ్లకు మామిడి అంటే జూన్‌లో జ్యూస్ ఫ్యాక్టరీల ముందు తోతాపురి లోడుతో నిలబడే ట్రాక్టర్లు. నేను కూడా అదే లెక్కలో మే చివర్లో ఆవకాయ వీడియో పెట్టేదాన్ని. అప్పటికి జనం జాడీలకు వాసెన కట్టేసి ఉంటారు. గీత చూశాక తెలిసింది, వెతకడం దానికి చాలా ముందే మొదలవుతుందని. పోయిన ఏడాది మార్చి చివర్లోనే పెట్టాను. ‘ఆవకాయ ఎలా పెట్టాలి’ అని కాదు, అవి వేలకు వేలు ఉన్నాయి. ‘మూడో రోజు తిరగగలిపాక నూనె పైకి తేలకపోతే ఏం చేయాలి’ అని పెట్టాను. మా దగ్గర నూనె కొన్నవాళ్లు ఏటా ఫోన్ చేసి అడిగేది అదే. కార్తీకమాసం దీపాల నూనెకు కూడా ఇదే పద్ధతి, దాని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ట్రెండ్స్ మనకు ఐడియా ఇవ్వదు. పంచాంగం ముహూర్తం చెబుతుందే గానీ పెళ్లికూతురిని వెతికి పెట్టదు కదా, ఇదీ అంతే. ఐడియా మాకు గల్లాపెట్టె దగ్గరే దొరికింది.

పూతలపట్టు నుంచి ఒక పెద్దావిడ నెలకోసారి వస్తుంది. ఒకసారి సీసా వెనక్కి తెచ్చి బల్లమీద పెట్టి, ‘ఏం పాపా, ఈ నూనె పొంగతా ఉండాది, పొయ్యంతా పాడైపాయ. ఏం కలిపినారు దీంట్లో?’ అని గట్టిగానే అడిగింది. దుకాణంలో ఇంకో నలుగురు ఉన్నారు. నాకు ముఖం చెల్లలేదు, కానీ కోపం రాలేదు. ఆవిడ అడగకపోతే ఆ నలుగురూ ఇంటికి పోయి అదే అనుకునేవాళ్లు. అక్కడే స్టవ్ తెచ్చి రెండు బాణళ్లు పెట్టాను. ఒకదాంట్లో మా నూనె, ఒకదాంట్లో ప్యాకెట్ రిఫైన్డ్ నూనె. రెంటిలోనూ ఒక్కో వడియం వేశాను. మా నూనెలో తెల్లటి నురగ అంచుల నుంచి లేచి బాణలి మెడ దాకా వచ్చింది. రెండోదాంట్లో ఏమీ లేదు. మంట తగ్గించి ఆగితే, కాసేపటికి ఆ నురగ దానంతటదే కరిగి నూనె కిందికి దిగింది. నూనె తేటగా, అడుగు కనపడేంతగా ఉంది.

గింజలో సహజంగా ఉండే జిగురు, కొద్దిపాటి తడి గానుగ నూనెలో కాస్త మిగిలిపోతాయి. నూనె కాగేటప్పుడు తడి ఆవిరై పైకి వస్తుంటే ఆ జిగురు దాన్ని బుడగగా పట్టి ఉంచుతుంది. రిఫైన్డ్ నూనెలో ఫ్యాక్టరీలోనే ఆ జిగురు తీసేస్తారు, కాబట్టి పొంగదు. మేము రెండు మూడు రోజులు ఎండలో పెట్టి తేటపరిచినా పూర్తిగా పోదు. అందుకని బాణలి సగానికి మించి పోయకూడదు, సన్నమంట మీద నురగ అణిగాకే పిండి వేయాలి. ఇదంతా పెద్దావిడకు చెబుతుంటే మా పాప ఫోన్‌లో తీసింది. ఏమీ ఎడిట్ చేయలేదు. మా పేజీలో ఇన్నాళ్లకూ ఎక్కువ మంది దాచుకున్న వీడియో అదే. ‘మేమూ కల్తీ అనుకుని పారబోశాం’ అని కింద ఎంతమంది రాశారో. ఈ విషయం ట్రెండ్స్‌లో వెతికి చూస్తే సరిపడా డేటా లేదనే వచ్చింది. దాన్నే నమ్ముకుని ఉంటే ఈ వీడియో పుట్టేదే కాదు.

ఆ రోజు నుంచి గల్లాపెట్టె పక్కన ఒక రూళ్ల నోట్‌బుక్ పెట్టాను. ఎవరు ఏ ప్రశ్న అడిగినా, వాళ్లు అడిగిన మాటల్లోనే రాసుకుంటాను. సీసా అడుగున తెల్లగా ఏముంది, చలికాలంలో కొబ్బరి నూనె గడ్డ కట్టకపోతే కల్తీనా, నువ్వులు ఆడేటప్పుడు తాటిబెల్లం ఎందుకు వేస్తారు. అన్నిటికంటే ఎక్కువ మంది అడిగేది ఒకటే: ఎందుకింత రేటు? దానికి మాటలతో జవాబు చెప్పడం మానేశాను. కెమెరా ముందు పది కేజీల గింజలు తూచి గానుగలో పోసి, వచ్చిన నూనె కొలిచి చూపించాం. నాలుగు లీటర్ల దగ్గర ఆగింది. నూనె తీశాక మిగిలిన పిండి చెక్క కూడా తూచాం. లీటరుకు రెండున్నర కేజీల గింజలు పోతాయని కళ్లతో చూశాక బేరమాడేవాళ్లు తగ్గారు. గింజల రేటు మారినప్పుడల్లా అదే వీడియో కొత్త లెక్కతో మళ్లీ తీస్తున్నాం, ప్రతిసారీ కొత్తగానే ఉంటోంది.

ఇప్పుడు నోట్‌బుక్‌నూ ట్రెండ్స్‌నూ కలిపి వాడుతున్నాను. ప్రశ్న నోట్‌బుక్ నుంచి తీసుకుంటాను. ఏ నెలలో పెట్టాలో, పేరులో ఏ మాట ఉండాలో ట్రెండ్స్‌లో చూస్తాను. సోమవారం మధ్యాహ్నం దుకాణం ఖాళీగా ఉండే అరగంట చాలు.

జాగ్రత్త పడాల్సినవి కొన్ని ఉన్నాయి. అక్కడ కనిపించే 100 అంటే వంద మంది కాదు, వంద వేలూ కాదు. మీరు ఎంచుకున్న కాలంలో, ఆ ప్రాంతంలో ఆ మాట అన్నిటికంటే ఎక్కువ వెతికిన సమయాన్ని 100 అనుకుని మిగతావి దానితో పోల్చి చూపిస్తారు. చిన్న మాటకూ 100 ఉంటుంది, పెద్ద మాటకూ ఉంటుంది. కాబట్టి ఒక్క మాటనే చూసి సరుకు ఎక్కువ ఆడించకండి, మీకు బాగా తెలిసిన ఇంకో మాటతో పోల్చి చూడండి. తెలుగు లిపిలో కొట్టిన మాట, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టిన మాట వేరువేరుగా లెక్కకొస్తాయి. స్పెల్లింగ్ ఒక్క అక్షరం మారినా అంతే. మధ్యలో ప్లస్ గుర్తు పెట్టి రెండు మూడు స్పెల్లింగులు కలిపి చూడొచ్చు, ఇది తెలియక నేను నెలలు పోగొట్టుకున్నాను. ఇక మా ఊరి సంగతులు అందులో దొరకవు. వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజుల బ్రహ్మోత్సవాలు. వేలూరు వైపు నుంచి అక్కడికి వచ్చే కార్లు మా ఊరి మీదుగానే పోతాయి. ఆ రోజుల్లో దుకాణానికి దారి చూపించే వీడియో పెట్టాలని ఏ గీతా చెప్పదు, చిత్తూరులో ఉన్నవాళ్లకే తెలుస్తుంది.

‘బ్రేక్అవుట్’ అని కనిపించే మాటల విషయంలో మాత్రం గట్టిగా చెబుతాను. ఒక మాట వెతకడం 5000 శాతానికి మించి పెరిగితే ఆ ముద్ర వేస్తారు. చూడగానే చేతులు ఉరుకుతాయి. ఆమధ్య బొడ్డులో ఆముదం వేసుకుంటే అదీ ఇదీ నయమవుతుందని అందరి ఫోన్లలో తిరిగింది. మా మరిది, ‘వదినా, మనమూ ఆముదం ఆడించి ఒక వీడియో పెడదాం, జనం ఎగబడి చూస్తారు’ అన్నాడు. వద్దన్నాను. నయమవుతుందో లేదో నాకు తెలియనిది నా ముఖంతో చెప్పలేను. మా నూనెల గురించి కూడా షుగర్ తగ్గుతుంది, కీళ్లనొప్పులు పోతాయి అని ఎప్పుడూ రాయం. ఆహారం జబ్బును నయం చేస్తుందని ప్రచారం చేయకూడదని 2018లో ఫుడ్ సేఫ్టీ వాళ్లు తెచ్చిన నిబంధనల్లోనే ఉంది. నిబంధన లేకపోయినా రాయను. పూతలపట్టు పెద్దావిడ మళ్లీ నెలకు వచ్చి నన్నే అడుగుతుంది.

ఐదుకు నాలుగు ఇస్తాను. కొత్తగా పేజీ మొదలుపెట్టి, ఇంకా కొనేవాళ్లే లేనివాళ్లకు దీని అవసరం అంతగా ఉండదు. ముందు ఒక యాభై మంది చేత కొనిపించి, వాళ్లు అడిగేవి రాసుకోండి. రెండేళ్లుగా నడుపుతూ, చెప్పడానికి మాటలు అయిపోయాయి అనుకునేవాళ్లు తప్పకుండా వాడండి. మా నోట్‌బుక్‌లో నిన్నటి తేదీ కింద ఉన్నది మిట్టూరు నుంచి వచ్చిన ఒకాయన అడిగింది: ‘వడలు కాల్చిన నూనె మళ్లీ ఎన్నిసార్లు వాడొచ్చమ్మా?’ దసరా దగ్గర పెడదామని పక్కన గుర్తు పెట్టుకున్నాను.