ఫుల్ ఫేస్ హెల్మెట్: ఎనిమిది నెలలు వాడి రాస్తున్నాను

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. పదకొండేళ్ల సర్వీసులో ఆరేళ్లు ముఖం, దవడ ఆపరేషన్ల వార్డులోనే గడిచాయి. మా తమ్ముడు రోజూ తెనాలి నుంచి గుంటూరుకి బండి మీద వెళ్లొస్తాడు. వాడికొకటి, నాకొకటి, ఒకే కంపెనీవి రెండు ఫుల్ ఫేస్ హెల్మెట్లు కొన్నాను. ఒక్కోటి 1,850 రూపాయలు. కంపెనీ పేరు రాయడం లేదు. గడ్డం ముందు అడ్డు ఉన్న హెల్మెట్‌కీ లేనిదానికీ తేడా చెప్పాలనే ఇది రాస్తున్నాను. ఆ తేడా ఏ కంపెనీది కొన్నా ఉంటుంది.

బండి మీద నుంచి ముందుకు పడితే చాలాసార్లు నేలకి తగిలేది గడ్డం, చెంప, ముక్కు. టోపీలా ఉండే హాఫ్ హెల్మెట్ పెట్టుకున్నవాళ్లు తలకి పెద్ద దెబ్బ లేకుండా మా దగ్గరికి వస్తారు. ప్రాణం దక్కింది, అది చిన్న విషయం కాదు. కానీ కింది దవడ రెండు మూడు చోట్ల విరిగి ఉంటుంది. దవడ ఎముక గుర్రపు నాడాలా వంపు తిరిగి ఉంటుంది కదా, గడ్డానికి తగిలిన దెబ్బ దాని వెంట పాకి చెవి ముందున్న కీలు దగ్గర విరుస్తుంది. ఒక్కోసారి రెండు వైపులా. పైకి కనిపించేది మాత్రం గడ్డం కింద చిన్న గాటు. దానికి కుట్లు వేయించుకుని ఇంటికి వెళ్లిపోతారు. పది రోజులకి "సిస్టర్, పళ్లు కలవట్లేదు, అన్నం నమల్లేకపోతున్నా" అంటూ వస్తారు. దెబ్బ తగిలాక పళ్లు మునుపటిలా కలవకపోయినా, కింది పెదవి మొద్దుబారినా, ఒకటి రెండుగా కనిపించినా కుట్లతో సరిపెట్టుకోకండి. దయచేసి స్కాన్ తీయించుకోండి.

పై దవడ మొత్తం విరిగి, వేళ్లతో పట్టుకుంటే కదిలే కేసులూ చూశాం. డాక్టర్లు లెఫోర్ట్ అంటారు. ఈ విరుపులు ఏ గీతల వెంట వస్తాయో 1901లో చెప్పిన ఫ్రెంచ్ సర్జన్ పేరు అది.

మా వార్డులో ఎక్కువమంది ఇరవై, ముప్ఫై ఏళ్ల మగపిల్లలు. కారణాలు అడిగి కేస్ షీట్‌లో రాసేది మేమే. రోడ్డు మీద ఆరబోసిన మొక్కజొన్న, సున్నం గీత లేని స్పీడ్ బ్రేకరు, అడ్డొచ్చిన కుక్క, పెళ్లిలో తాగి రాత్రి పూట బయల్దేరడం. వెనక కూర్చున్న ఆడవాళ్లయితే చక్రంలో చిక్కుకున్న చున్నీ. టైటానియం ప్లేట్లు వేస్తారు, కొందరికి పై పళ్లనీ కింది పళ్లనీ వైరుతో కలిపి కొన్ని వారాలు కట్టేస్తారు. అన్నాళ్లూ రాగి జావ, పప్పు కట్టు, పాలు. వాంతి వస్తే వెంటనే తెంచడానికి మంచం పక్కనే వైరు కత్తెర పెడతాం. డ్యూటీలోకి రాగానే నేను మొదట చూసేది ఆ కత్తెర ఉందా లేదా అని. పెట్రోలు బంకులో పనిచేసే ఒకబ్బాయి, వాళ్లమ్మ తింటుంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఆమె వరండాలోకి వెళ్లి తినడం మొదలుపెట్టింది.

ఇక హెల్మెట్ సంగతి. ఇంట్లో కాటా మీద పెడితే 1,350 గ్రాములు వచ్చింది. మొదటి వారం మెడ నొప్పి పుట్టింది, తర్వాత అలవాటైంది. మే నెలలో మాత్రం నిజంగా కష్టం. గడ్డం దగ్గరి గాలి రంధ్రం పేరుకే ఉంది, సిగ్నల్ దగ్గర ఆగితే చెమట కళ్లలోకి కారుతుంది. నాకు కళ్లజోడు ఉంది, వాన పడితే అద్దం లోపల ఆవిరి పడుతుంది. కొప్పు పెట్టుకుంటే హెల్మెట్ సరిగా కూర్చోదు, కాబట్టి డ్యూటీకి వెళ్లేటప్పుడు జడ కిందికి వేసుకుని, వార్డులో కొప్పు పెట్టుకుంటున్నాను. నా స్కూటీ సీటు కింద పట్టదు, చేత్తో మోయాలి. అద్దం మీద ఆరు నెలలకే గీతలు పడ్డాయి, రాత్రి ఎదురు లైట్లు చెదిరినట్టు కనిపిస్తున్నాయి. 300 పెట్టి కొత్త అద్దం వేయించాను. లోపలి మెత్తటి గుడ్డ ఊడదీసి ఉతుక్కోవచ్చు, అది బాగుంది.

సైజు విషయంలో తొందరపడకండి. షాపతను తమ్ముడికి ఒక సైజు పెద్దది ఇచ్చి "వదులుగా ఉంటే హాయిగా ఉంటుంది" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. చెంపలు కాస్త నొక్కుకోవాలి, పట్టీ పెట్టి తల ఊపితే హెల్మెట్ విడిగా తిరగకూడదు. పట్టీ బిగించకపోతే పడగానే ఎగిరిపోతుంది, అలా వచ్చినవాళ్లు మా దగ్గర చాలామంది. 2021 జూన్ 1 నుంచి ఐఎస్‌ఐ గుర్తు లేని బండి హెల్మెట్లు అమ్మకూడదు. అయినా రోడ్డు పక్కన అమ్ముతూనే ఉన్నారు. గుర్తు కింద ఉండే లైసెన్సు నంబరుని, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోండి. నేను షాపులోనే నిలబడి చూశాను.

మేమిద్దరం ఇప్పటిదాకా పడలేదు కాబట్టి ఇదే హెల్మెట్ దెబ్బని ఎంత ఆపుతుందో నా అనుభవంతో చెప్పలేను. ఫుల్ ఫేస్ పెట్టుకుని పడ్డవాళ్ల దవడలు విరగవని కూడా అనను. కానీ అలాంటివాళ్లు మా వార్డుకి తక్కువగా వచ్చారు, వచ్చినా దెబ్బలు తేలిగ్గా ఉన్నాయి.

ఏ హెల్మెట్టూ ఆపలేని దెబ్బలూ ఉన్నాయి. ఎడమ చెంప కమిలి, "బాత్రూంలో జారిపడ్డాను" అని భర్త ముఖం వైపు చూస్తూ చెప్పే ఆడవాళ్లు. కుడిచేత్తో ఎదురుగా నిలబడి కొడితే దెబ్బ ఎక్కువగా ఎడమ వైపే పడుతుంది. అలాంటప్పుడు భర్తని మందులకి పంపి, ఆమెని ఒంటరిగా ఇంకోసారి అడుగుతాను.

హెల్మెట్‌కి అయిదుకి నాలుగు ఇస్తాను. ఒకటి తగ్గించింది గాలి ఆడనందుకు. తమ్ముడి పాత హాఫ్ హెల్మెట్ ఎవరికీ ఇవ్వలేదు. పట్టీ కత్తిరించి చెత్త బండిలో వేశాను, ఇంకెవరూ ఏరుకుని పెట్టుకోకుండా.