తక్కువ సోడియం ఉప్పు: రెండేళ్లకు పైగా మా వంటింట్లో, మా అత్త బీపీ మీద

ఐదుకి మూడు చుక్కలు ఇస్తా. పనిచేయదని కాదు. ప్యాకెట్ మార్చేస్తే బీపీ దానంతటదే దిగుతుందని కొనేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ ఆశకే రెండు కోశా.

మామూలు ఉప్పంటే సోడియం క్లోరైడ్. ఇందులో కొంత తీసేసి, ఆ చోట పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. ఎంత కలిపారన్నది కంపెనీని బట్టి మారుతుంది, కొన్నిట్లో సోడియం తగ్గేది 15 శాతమే. వెనక చిన్న అక్షరాలు చదివే కొనండి. చైనాలో 600 ఊళ్లలో దాదాపు 21 వేల మందికి ఇలాంటి ఉప్పే (75 పాళ్లు సోడియం, 25 పాళ్లు పొటాషియం) ఐదేళ్ల దాకా ఇచ్చి చూశారు. ఫలితాలు 2021లో వచ్చాయి. పక్షవాతం 14 శాతం తగ్గింది. పై బీపీ మాత్రం సగటున మూడు పాయింట్లే దిగింది. ఆ మూడును తీసిపారేయొద్దు గానీ, ముప్పై అనుకుని కొనొద్దు.

మా అత్తకు డెబ్భై దాటాయి. తిరుపతిలో ఎన్నేళ్లున్నా ఆమెకు మాత్రం చిత్తూరు పక్క పల్లె తిండే కావాల. సంగటి, చెనిక్కాయల ఊరుబిండి, చిర్రాకు పప్పు, ఆఖర్న మజ్జిగన్నం, దాంట్లోకి ఊరుమిరపకాయ. పొద్దున్నే బీపీకి టెల్మిసార్టన్ మాత్ర. ఆ మాత్ర ఒంట్లో పొటాషియాన్ని నిలుపుతుంది, ఈ ఉప్పు ఇంకొంచెం చేరుస్తుంది. అందుకే మొదలుపెట్టక ముందే డాక్టరు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం పరీక్షలు చేయించారు, ఇప్పుడూ మధ్యమధ్యలో చేయిస్తున్నాం.

రుచి సంగతి. పులుసులో, పప్పులో ఎవరికీ తెలీలేదు, చింతపండూ కారమూ కప్పేస్తాయి. మజ్జిగలో దొరికిపోతుంది. మొదటిరోజు ముద్ద నోట్లో పెట్టుకుని, "ఏందిబ్బా ఇది, ఉప్పేస్తే సేదెక్కింది?" అనింది. నిజమే, పొటాషియం క్లోరైడ్‌కు నాలుక చివర కాస్త చేదు, కాస్త ఇనుము వాసన ఉంటుంది. ఆ తర్వాత మజ్జిగలో ఏ ఉప్పూ వేయడం మానేశా. అల్లం, పచ్చిమిరపకాయ, కరివేపాకు నూరి కలిపితే తాగేస్తోంది. సణుగుడు కొన్నాళ్లుండి తగ్గింది.

బీపీ మాత్రం మొదటి నెలల్లో 150ల్లోనే తిరిగింది. డబ్బాలో ఉప్పు మారింది గానీ, జాడీలో ఉప్పు అలాగే ఉంది కదా! ఊరుమిరపకాయను వేయించక ముందు వేళ్ల మధ్య నలిపి చూడండి. ఉప్పు పెరుగులో నాని, ఎండి, మళ్లీ నాని, మళ్లీ ఎండిన తోలు మీంచి తెల్లగా పొడి రాలుతుంది. అలాంటివి ఆమె పూటకు రెండు నంజుకుంటుంది. ఆపైన మామిడికాయ ఊరగాయ, అప్పళం, సాయంత్రం బజారు బోండా. వంటసోడా కూడా సోడియమే. రోజు మొత్తానికి ఉప్పు 5 గ్రాముల లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది, అంటే ఒక టీస్పూను కూడా నిండదు. పాపం సంగటిని అనకూడదు, మేం దాంట్లో ఉప్పే వేయం.

ఊరగాయ, మిరపకాయ ఆదివారానికి పరిమితం చేశాక, మాత్ర డోసు మారకుండానే పై నంబరు 130ల్లోకి వచ్చింది. సాయంత్రం మిద్దె మీద నడక కూడా అప్పుడే మొదలైంది, కాబట్టి మార్కులన్నీ ఉప్పుకే వేయలేను. చూసే పద్ధతీ ముఖ్యమే: ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చేయి గుండె ఎత్తున ఆనించి, మాట్లాడనీయకుండా. మా అత్తకు ఆ చివరిదే కష్టం.

ఎండాకాలంలో ఒక జాగ్రత్త. మే నెలలో మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతున్నాయనింది. నిలబెట్టి చూస్తే బీపీ బాగా పడిపోతోంది. చెమట, తగ్గిన ఉప్పు, మాత్ర మూడూ కలిశాయి. డాక్టరే మాత్ర తగ్గించారు. పెద్దవాళ్లకు కూర్చోబెట్టే కాదు, అప్పుడప్పుడూ నిలబెట్టి కూడా చూడాల.

ఇంకోటి. "బీపీకి ఇదే మంచిదక్కా" అని ఒక కొట్టతను గులాబీ రంగు సైంధవ లవణం అంటగట్టబోయాడు. అది దాదాపు మొత్తం సోడియం క్లోరైడే, రంగు తప్ప.

తక్కువ సోడియం ఉప్పు ధర మామూలు ఉప్పు కన్నా ఎక్కువే, అయినా ఇంట్లో అందరికీ ఇదే వాడుతున్నాం. మా పిన్నమ్మ వచ్చినప్పుడు తప్ప. ఆమెకు కిడ్నీ జబ్బు. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు, గర్భిణులకు, పిల్లలకు తన సలహా వర్తించదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో ఈ ఉప్పు గురించి చెప్పినప్పుడే స్పష్టం చేసింది. కిడ్నీ పొటాషియాన్ని బయటికి పంపలేకపోతే అది గుండె లయనే చెడగొడుతుంది. పిన్నమ్మ ఉన్నన్నాళ్లూ మామూలు ఉప్పు డబ్బానే దింపుతా, వేసేది సగం.