‘క్వారంటైన్ చేసినవే’ అన్న మాట నమ్మి గప్పీలు కొన్నాను

హైదరాబాద్‌లో రంగు చేపలు కొనేవారికి, ముఖ్యంగా గప్పీలు, మోలీల వంటి పిల్లలు పెట్టే చేపలను కొనేవారికి, నాకు జరిగిన నష్టం తెలియాలని ఇది రాస్తున్నాను. దుకాణం పేరు మాత్రం రాయడం లేదు.

ఆరు జతల గప్పీలు తీసుకున్నాను. పది రోజులుగా తమ వద్దే విడిగా ఉంచామని, ఏ జబ్బూ లేదని యజమాని చెప్పడంతో, ఇంటికి రాగానే సంచిని ఇరవై నిమిషాలు నీటిపై తేలనిచ్చి, అరవై లీటర్ల తొట్టిలోని పాత చేపల మధ్యకే వదిలేశాను. ఇందులో నా తొందరపాటు కూడా ఉందని ఒప్పుకుంటున్నాను.

మూడు వారాల తర్వాత రెండు ఆడచేపల పొట్టలు లోపలికి పీక్కుపోయాయి. దగ్గరగా చూస్తే మలద్వారం నుంచి ఎర్రని దారపు పోగుల కొసలు బయటకు వస్తున్నాయి. చేప నిశ్చలంగా ఉన్నప్పుడు కనిపించి, కదలగానే లోపలికి పోతున్నాయి. అవి కామల్లానస్ అనే నట్టలు, అంటే పేగుల్లో బతికే పురుగులు. పేగు గోడను పట్టుకుని రక్తం తాగుతాయి కాబట్టే వాటికి ఆ ఎరుపు.

దుకాణానికి వెళ్లి చూపిస్తే, లేబుల్ కూడా లేని చిన్న సీసాలో నీలిరంగు మందు ఇచ్చి, నూట యాభై రూపాయలు తీసుకుని, ఏ జబ్బుకైనా ఇదే పనిచేస్తుందన్నారు. అసలు మోసం ఇక్కడే జరిగిందని నా అభిప్రాయం. చర్మం మీద, మొప్పల మీద వచ్చే కొన్ని జబ్బులకు వాడే రంగు మందులు పేగులో ఉన్న నట్టను ఏమీ చేయలేవు. ఐదు రోజులు వాడాక నట్టలు అలాగే ఉన్నాయి సరే, ఫిల్టర్‌లోని మేలుచేసే బ్యాక్టీరియా దెబ్బతిని, చేపల వ్యర్థాల నుంచి వచ్చే విషపూరితమైన అమ్మోనియా పెరిగింది. పాత చేపలతో కలిపి నాలుగు చనిపోయాయి.

చివరికి పనిచేసింది గొర్రెలకు, మేకలకు నట్టల మందుగా వాడే లెవమిసోల్. పశువుల మందుల దుకాణాల్లో దొరికే సీసాలన్నీ ఒకే గాఢతలో ఉండవు కనుక చుక్కల లెక్కన వేయకూడదు. లీటరు నీటికి రెండు మిల్లీగ్రాముల అసలు మందు చొప్పున, ఇసుక, రాళ్లు ఆక్రమించిన చోటు తీసివేసి, నా తొట్టిలోని యాభై లీటర్ల నీటికి వంద మిల్లీగ్రాములు వేశాను. వెలుతురుకు మందు చెడుతుందని దీపం ఆర్పి, తొట్టికి దుప్పటి కప్పాను. ఈ మందు నట్టకు పక్షవాతం కలిగిస్తుందే తప్ప వెంటనే చంపదు. పట్టు వదిలిన నట్టలను చేప విసర్జిస్తుంది. అందువల్ల ఇరవై నాలుగు గంటల తర్వాత అడుగునంతా సైఫన్ గొట్టంతో పీల్చి, సగం నీరు మార్చడం తప్పనిసరి. లేకపోతే అడుగున పడిన వాటిని, వాటి పిల్లలను చేపలు మళ్లీ తింటాయి. సహజంగా ఈ నట్ట సైక్లాప్స్ వంటి, రొయ్య జాతికి చెందిన అతి చిన్న నీటి జీవుల ద్వారా చేపలోకి చేరుతుంది గానీ, ఇంటి తొట్టిలో ఆ మధ్యవర్తి లేకుండానే ఒక చేప నుంచి మరొక చేపకు సోకగలదు. మూడు వారాలకు మరోసారి మందు వేశాను.

కొనేటప్పుడు తొట్టి ముందు కనీసం పది నిమిషాలు నిలబడి, చేపలు ఆగినప్పుడు వాటి వెనుక భాగాన్ని కింది వైపు నుంచి చూడండి. మీకు నచ్చిన చేప ఆరోగ్యంగా కనిపించినా, అదే తొట్టిలో పొట్ట పీక్కుపోయినది ఒక్కటి ఉన్నా తీసుకోవద్దు. ఒకే వలను అన్ని తొట్టెల్లో ముంచుతున్నారేమో గమనించండి. నేను కొన్నచోట అదే జరిగేది, అప్పుడు నాకు పట్టలేదు. లక్షణాలు బయటపడటానికి వారాలు పడుతుంది కాబట్టి దుకాణదారు చెప్పిన పది రోజులు నిజమే అయినా చాలవు. ఇప్పుడు నేను కొత్త చేపలను స్పాంజ్ ఫిల్టర్ పెట్టిన ప్లాస్టిక్ టబ్బులో, వేరే వలతో, నాలుగు వారాలు ఉంచుతున్నాను.

డబ్బు వెనక్కి అడిగితే, చేప తమ గడప దాటాక తమకు సంబంధం లేదన్నారు. బిల్లు ఇవ్వలేదు, నేనూ అడగలేదు. మీరు అడిగి తీసుకోండి.