ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ స్కిన్ టోన్ టెస్ట్: ఒక ‘రంగు తక్కువ’ మనిషి రివ్యూ

మనకే తెలియకుండా మనసులో ఉండే మొగ్గుని కొలిచే ఆన్‌లైన్ టెస్టు ఇది. డబ్బులు కట్టక్కర్లేదు, పది నిమిషాల్లో అయిపోతుంది. అయినా ఈ రివ్యూ రాయడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఫలితం మింగుడు పడక.

మా ఆఫీసులో ఇంటర్వ్యూ ప్యానెల్లో కూర్చునే వాళ్లందరికీ ఒక ట్రైనింగ్ పెట్టారు. ప్రాజెక్ట్ ఇంప్లిసిట్ వెబ్‌సైట్లో ఇంప్లిసిట్ అసోసియేషన్ టెస్ట్ ఏదో ఒకటి చేసి రమ్మన్నాడు ట్రైనర్. జాతి, వయసు, బరువు, ఆడామగా ఉద్యోగాలు, ఇలా చాలా రకాలున్నాయి. నేను స్కిన్ టోన్, అంటే చర్మం రంగు, ఎంచుకున్నాను. ఇందులో నాకు ఫుల్ మార్కులు ఖాయమని ధీమా. నేను నల్లగా ఉంటాను. చిన్నప్పుడు ప్రతి ఆదివారం అమ్మ శనగపిండిలో మీగడ కలిపి చర్మం మండేదాకా రుద్దేది. పెళ్లిచూపుల్లో “అమ్మాయి బాగుంది, కాస్త రంగు తక్కువ” అన్న మాట రెండు సంబంధాల్లో విన్నాను. (తక్కువట! నలుపు అసలు రంగే కానట్టు.) అలాంటి నాకు తెల్లతోలు మీద మోజు ఎందుకుంటుంది?

టెస్టు ఇలా ఉంటుంది. కీబోర్డు మీద ఒక వేలు ఎడమ మీట మీద, ఒకటి కుడి మీట మీద. ముందు లేత రంగు ముఖాలు ఒకవైపు, ముదురు రంగు ముఖాలు ఇంకోవైపు వేరు చేయాలి. తర్వాత మంచి మాటలు, చెడ్డ మాటలు వేరు చేయాలి. ఆ తర్వాతే అసలు కథ. రెండూ కలిపేస్తారు: ఒక విడతలో లేత ముఖానికీ మంచి మాటకీ ఒకటే మీట, ఇంకో విడతలో ముదురు ముఖానికీ మంచి మాటకీ ఒకటే మీట. తప్పు నొక్కితే ఎర్ర ఇంటూ గుర్తు. మొత్తం ఏడు విడతలు. ఏ జతకి వేలు ఎంత త్వరగా కదిలిందో మిల్లీసెకన్లలో లెక్క కడతారు.

నాకు మొదటి జత పల్లంలో సైకిలులా సాగిపోయింది. ముదురు ముఖం, మంచి మాట కలిసేసరికి వేలు ఆగింది. ఎడమచేత్తో ముగ్గు వేస్తున్నట్టు ఉంది. ఇంటూ మీద ఇంటూ. చివరికి వచ్చిన మాట: లేత రంగు వైపు ఒక మోస్తరు మొగ్గు. ముందు వచ్చిన జత చేతికి అలవాటైపోయిందేమో అని సాకు వెతికాను. ఆ ప్రభావం ఉన్నా కొంచెమేనని సైట్లోనే రాసుంది.

కోపంతోనే ఈ టెస్టు ఎవరు తయారు చేశారో వెతికాను. 1998లో ప్రాజెక్ట్ మొదలుపెట్టిన ముగ్గురు ఆంథొనీ గ్రీన్‌వాల్డ్, బ్రయన్ నోసెక్, మహ్‌జరీన్ బనాజీ. ఈ బనాజీ మన సికింద్రాబాద్ పార్సీ ఇంటి ఆడపడుచు. నిజాం కాలేజీలో డిగ్రీ, ఉస్మానియాలో ఎమ్మే, ఇప్పుడు హార్వర్డ్ ప్రొఫెసర్. నేనూ నిజాం కాలేజీనే. కోపం సగం అక్కడే దిగింది.

ట్రైనింగ్‌లో హెన్రీ తాజ్‌ఫెల్ అనే మనస్తత్వవేత్త ప్రయోగం చెప్పారు. ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో బడిపిల్లల్ని ఏదో చిన్న సాకుతో రెండు గుంపులు చేస్తే, ఎవరో తెలియని ‘మనవాళ్ల’కే ఎక్కువ డబ్బు పంచారట. ఆ లెక్కన నేను నల్లవాళ్ల వైపు మొగ్గాలి కదా? దీనికి జవాబు 1994లో బనాజీ, జాన్ జోస్ట్ రాసిన పేపర్లో దొరికింది. అడుగున ఉన్నవాళ్లు కూడా తమను అడుగున పెట్టిన వరసే న్యాయమని నమ్ముతారని, దానికి సిస్టమ్ జస్టిఫికేషన్ అని పేరు పెట్టారు. అంతకు చాలా ముందే అమెరికాలో కెన్నెత్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు నల్లబొమ్మ, తెల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగితే ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. నాకున్న ఒక్క బొమ్మా తెల్లదే. షాపులో ఇంకో రంగు బొమ్మ చూసిన గుర్తు కూడా లేదు.

మైనస్‌లు చెప్పకపోతే రివ్యూ కాదు. మళ్లీ చేస్తే ఫలితం మారొచ్చు. నాకు రెండోసారి ‘స్వల్పం’ అని వచ్చింది. అందుకే దీన్ని పట్టుకుని ఒక మనిషి మీద ముద్ర వేయొద్దని తయారుచేసినవాళ్లే అంటారు. మా ట్రైనర్ మాత్రం స్క్రీన్‌షాట్లు వాట్సాప్ గ్రూపులో పెట్టమన్నాడు! నేను పెట్టలేదు. పైగా 2019లో 492 అధ్యయనాలు కలిపి చూస్తే, ఇలాంటి స్కోరు మారినంత మాత్రాన మనిషి ప్రవర్తన మారుతుందనడానికి ఆధారం కనిపించలేదు. టెస్టు చేసి “అయిపోయింది, మారిపోయాం” అనుకునే ఆఫీసులు అది చదవాలి.

అందుకే అయిదుకి మూడున్నర. ఆ అర ఎడమచేతి ముగ్గుకి.

రెజ్యూమెలు ప్యానెల్‌కి వచ్చేముందే ఫొటోలు తీసేయమని హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టాను. “చూద్దాం మేడమ్” అన్నారు. నిన్న వచ్చిన పన్నెండు రెజ్యూమెల్లో తొమ్మిదింటికి ఫొటో ఉంది.